అధ్యాపకులు పర్యావరణాన్ని తమ పాఠంలోకి, పరిశోధనలోకి తెచ్చుకోవాలంటే విశ్వవిద్యాలయం ఏ తోడ్పాటు ఇవ్వాలి?

చెరువుగట్టు
జూన్ 9, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. పర్యావరణ సుస్థిరతను బోధనలోనూ పరిశోధనలోనూ ముందుకు తీసుకువెళ్ళేందుకు అధ్యాపకులకు ఎలా తోడ్పడాలో ప్రతిపాదన రాయమని మా దగ్గర ఐదుగురితో ఒక కమిటీ వేశారు. అందులో నేనొకడిని. వచ్చే విద్యా సంవత్సరానికి 6 లక్షల రూపాయలు ఇస్తామన్నారు. మొదటి సమావేశంలో తయారైన చిత్తుప్రతిలో రెండు రోజుల జాతీయ సదస్సు, మొక్కలు నాటడం, ప్రహరీ గోడ మీద నినాదాలు, ఒక ప్రత్యేక సంచిక ఉన్నాయి. ఇంటికి వచ్చి ఆ కాగితం మళ్ళీ చదువుకుంటే, వచ్చే ఏడాది మా అధ్యాపకుల్లో ఒక్కరైనా తరగతిలో కొత్తగా చెప్పబోయే పాఠం ఒక్కటి కూడా అందులో నాకు కనిపించలేదు. ఈ నెలాఖరులోగా దాన్ని మార్చి రాయవచ్చు. మీ మీ చోట్ల ఏది పనిచేసింది, ఏది చేయలేదు, ఎందుకు చేయలేదు అన్నది అనుభవం మీద చెప్పగలరా?

రేగడినేల
జూన్ 9, ఉదయం 10:15

చెరువుగట్టు గారూ, పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది కనుక తీరిగ్గా రాస్తున్నాను. ఈ వ్యవహారం మన దేశంలో ఎక్కడ మొదలైందో ముందు గుర్తు చేసుకోవాలి. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని చెప్పింది. అది సరిగ్గా అమలు కాలేదని కోర్టు మళ్ళీ 2003లో గట్టిగా అడిగింది. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ డిగ్రీ తరగతులన్నిటికీ ఆరు నెలల ఉమ్మడి పాఠ్యప్రణాళిక ఇచ్చింది. మొత్తం 50 పీరియడ్లు. చివరి యూనిట్ క్షేత్రపరిశీలన. ఊళ్ళోని చెరువునో కొండనో కాలుష్యం ఉన్న చోటునో చూసి రాయాలి. నూటికి 25 మార్కులు దానికే. ఇప్పుడు 2023 నాటి కొత్త మార్గదర్శకాలు నాలుగు క్రెడిట్లు అంటున్నాయి.

కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. మరి తరగతిలో ఏమైంది? నేను పనిచేసిన చోట, ప్రతి జూన్‌లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఎవరికి పీరియడ్లు తక్కువ పడ్డాయో వారికి ఆ పేపరు అప్పగించేవారు. ఒక ఏడాది అది సంస్కృతం చెప్పే మిత్రుడికి వచ్చింది. ఆయన ఎంతో నిష్ఠగా చదువుకుని చెప్పారు, ఆయనను తప్పుపట్టను. కానీ ఆయనకు ఒక్క రోజు శిక్షణ గానీ, పిల్లలను చెరువు దాకా తీసుకువెళ్ళడానికి బస్సు ఖర్చు గానీ, తోడుగా ఒక ల్యాబ్ సహాయకుడు గానీ ఇవ్వలేదు. 25 మార్కుల క్షేత్రపరిశీలన రికార్డులు ఒకే పుస్తకంలోంచి దిగిన నకళ్ళుగా వచ్చేవి. పరీక్షల విభాగానికి రికార్డులు చేరాయి కనుక ఎవరూ అడగలేదు.

నేను చెప్పేది ఒక్కటే. పర్యావరణాన్ని ఒక పేపరుగా విడదీసి ఒకరి నెత్తిన పెట్టినంత కాలం మిగిలిన వారందరూ తమకు సంబంధం లేదనుకుంటారు. ఎవరి పాఠంలోకి వారు తెచ్చుకోవాలి, అలా తెచ్చుకోవడానికి వారికి సమయం ఇవ్వాలి.

వర్గమూలం
జూన్ 9, మధ్యాహ్నం 1:30

రేగడినేల గారి చివరి మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. నేను గణితం చెబుతాను. ఇప్పటికే సెమిస్టరు పద్ధతిలో సిలబస్ పూర్తి కావడం లేదు. విలువలు, నైపుణ్యాలు, భారతీయ జ్ఞాన సంప్రదాయం, ఇలా ఒక్కో ఏడాది ఒక్కొక్కటి అన్ని సబ్జెక్టుల్లోకి తెమ్మంటున్నారు. రియల్ అనాలిసిస్ లాంటి శుద్ధ గణితంలో పర్యావరణాన్ని ఎక్కడ పెట్టను? లెక్కలో ‘x’ బదులు ‘చెట్లు’ అని రాస్తే సరిపోతుందా? అది సబ్జెక్టుకూ అన్యాయమే, పర్యావరణానికీ అన్యాయమే. ఎవరికి నిజంగా ఆ విద్య వచ్చునో వారి చేత బాగా చెప్పించడమే మేలని నా అభిప్రాయం.

నీరటి
జూన్ 9, రాత్రి 9:05

వర్గమూలం గారి భయం న్యాయమైనదే, అతికించిన పాఠం వెంటనే ఊడిపోతుంది. అయితే సబ్జెక్టును పలచన చేయకుండా, ఇంకా లోతుగా చెప్పే వీలు కూడా ఉంటుందని నా అనుభవం. నేను నల్గొండ జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను.

మా ప్రాక్టికల్స్‌లో నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో కనుక్కోవడం ఎప్పటినుంచో ఉంది. ల్యాబ్ వాళ్ళు బకెట్లో కలిపి పెట్టిన ద్రావణాన్నే అందరూ తీసుకుంటారు, అందరికీ ఒకే జవాబు రావాలి, రాకపోతే పక్కవారి రీడింగు చూసి దిద్దుకుంటారు. మూడేళ్ళ క్రితం ఆ బకెట్ తీసేసి, ఎవరి ఊరి బోరు నీళ్ళు వారిని లీటరు సీసాలో తెమ్మన్నాను. సీసా మీద ఊరి పేరు, బోరు లోతు, తెచ్చిన తేదీ రాయాలి. మ్యూరెక్సైడ్ సూచిక వేసి, గులాబీ రంగు ఊదాలోకి తిరిగేదాకా, కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ ద్రావణం వదులుతూ కాల్షియం లెక్కగట్టాం. అదే నీటిలో ఫ్లోరైడును పరీక్ష కిట్టుతో, రంగుల కార్డు పక్కన పెట్టి చూశాం. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన సీసాలు చాలానే ఉన్నాయి.

నల్లబల్ల మీద రెండు వరుసల్లో అంకెలు రాసుకుంటూ పోతుంటే, వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, ‘సార్, కాల్షియం ఎక్కువున్న సీసాలలో ఫ్లోరైడు తక్కువుంది, ఎందుకు?’ అని అడిగింది. ద్రావణీయతా లబ్ధం పాఠం అంతకు ముందు నెలే చెప్పాను. కాల్షియం ఫ్లోరైడు నీటిలో కొద్దిగానే కరుగుతుంది కనుక, కాల్షియం పెరిగిన చోట ఫ్లోరైడు ఎంతో పైకి పోలేదు. పుస్తకంలో ఒక సూత్రంగా మాత్రమే ఉన్న విషయాన్ని ఆ రోజు ఆ అమ్మాయి తన ఊరి బోరులో చూసింది. ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన ప్రాంతంలో తొలిసారి 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి రాశారనీ, పటికతో సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు ‘నల్గొండ టెక్నిక్’ అనీ ఆ తరువాతే చెప్పాను. తమ జిల్లా పేరు ఒక పద్ధతికి ఉందని వారికి అప్పటిదాకా తెలియదు.

ఇందులో సిలబస్ ఒక్క గీత కూడా తగ్గలేదు. దీనికి నాకు పట్టింది మూడు వేసవి ఆదివారాలు, కిట్లకు నా జేబులోంచి 4,200 రూపాయలు. ఆ డబ్బు, ఆ సమయం విశ్వవిద్యాలయం ఇవ్వగలిగితే అదే తోడ్పాటు.

వలసపక్షి
జూన్ 10, తెల్లవారుజాము 4:20

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చెబుతున్నాను, స్వస్థలం తెనాలి. చెరువుగట్టు గారు అడిగినదానికి ఇక్కడ బాగా నిలబడిన ఒక నమూనా ఉంది.

అరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లోని నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయంలో 1995లో ‘పాండెరోసా ప్రాజెక్టు’ పేరుతో ఒక పని మొదలుపెట్టారు. ఆ చుట్టుపక్కల అడవంతా పాండెరోసా పైన్ చెట్లే కనుక ఆ పేరు. దాన్ని చూసి అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో, మానవశాస్త్ర ఆచార్యురాలు పెగ్గీ బార్లెట్ తదితరులు 2001లో ‘పీడ్‌మాంట్ ప్రాజెక్టు’ ప్రారంభించారు. అట్లాంటా ఉన్న పీఠభూమి పేరది. రెండుచోట్లా పద్ధతి ఇంచుమించు ఒకటే. వేసవి సెలవుల ముందు వేర్వేరు శాఖల నుంచి, అంటే ఇంగ్లిషు, సంగీతం, వ్యాపార నిర్వహణ, ప్రజారోగ్యం, రసాయనశాస్త్రం చెప్పేవారు కొద్దిమంది రెండు రోజులు కలిసి కూర్చుంటారు. బయటి నుంచి పెద్ద వక్తలను పిలిపించి ఉపన్యాసాలు ఇప్పించరు. తమలోనే నీటి గురించి తెలిసినవారు నీటి గురించి, ఆరోగ్యం తెలిసినవారు ఆరోగ్యం గురించి మాట్లాడతారు. ఒక పూట ప్రాంగణం పక్కన అడవిలో నడుస్తారు. వేసవిలో ఎవరికి వారు తాము చెప్పే ఏదో ఒక కోర్సును మార్చి రాసుకుని, తరగతులు మొదలయ్యే ముందు మళ్ళీ కలిసి ఒకరికొకరు చూపించుకుంటారు. ఆ పనికి ఒక చిన్న గౌరవ వేతనం ఇస్తారు.

వర్గమూలం గారూ, ఏ కోర్సులో ఎంత మార్చాలన్నది ఆ అధ్యాపకులే నిర్ణయించుకుంటారు. ఒకరు కోర్సంతా తిరగరాస్తే మరొకరు ఒక్క ఉదాహరణ మారుస్తారు. ఎవరికీ ‘నీకు తెలియదు, మేము నేర్పుతాం’ అని చెప్పరు. అధ్యాపకులకు గౌరవం ఇవ్వడమే ఈ నమూనా బలం అనుకుంటాను. 1990లో ఫ్రాన్సులోని తల్వార్‌లో వెలువడిన విశ్వవిద్యాలయాధిపతుల ప్రకటన మీద ప్రపంచమంతటా వందల సంతకాలు పడ్డాయి. సంతకం అధిపతులు పెట్టగలరు గానీ పాఠం మార్చవలసింది అధ్యాపకులే కదా.

గంటలలెక్క
జూన్ 10, ఉదయం 8:50

వలసపక్షి గారు చెప్పినది చదివి సంతోషించాను, కొంత దిగులు కూడా వేసింది. నేను అతిథి అధ్యాపకురాలిని. తొమ్మిదేళ్ళుగా ఒక విశ్వవిద్యాలయంలో గంటల లెక్కన జంతుశాస్త్రం చెబుతున్నాను. వేసవిలో నాకు జీతం లేదు. వచ్చే జూలైలో మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు. మన రెండు రాష్ట్రాల్లో విశ్వవిద్యాలయాల పాఠాలలో పెద్ద భాగం మాలాంటివారు, కాంట్రాక్టు అధ్యాపకులు చెబుతున్నవే. కార్యశాలలకు, శిక్షణలకు మాత్రం ‘రెగ్యులర్ అధ్యాపకులు మాత్రమే’ అని సర్క్యులర్ వస్తుంది. నిరుడు మా ప్రాంగణంలోని కుంట దగ్గర పిల్లల చేత కప్పల జాతులు లెక్కబెట్టించాను, ఆరు వారాలు. దానికి పట్టిన గంటలు తరగతి గంటలు కావని బిల్లులోంచి కొట్టేశారు. చెరువుగట్టు గారూ, మీ ప్రతిపాదనలో ఎవరికి తోడ్పాటు అన్నచోట మా పేరు కూడా రాయండి. ఇది వేడుకోలుగా కాదు, తరగతిలో నిలబడేది మేమే కనుక అడుగుతున్నాను.

చెరువుగట్టు
జూన్ 10, ఉదయం 11:30

గంటలలెక్క గారూ, మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు. మా చిత్తుప్రతిలోనూ ‘రెగ్యులర్ అధ్యాపకులు’ అనే ఉంది. ఇప్పుడే కొట్టేశాను.

జమాఖర్చు
జూన్ 10, మధ్యాహ్నం 3:10

వాణిజ్యశాస్త్రం నుంచి చిన్న మాట. స్టాక్ మార్కెట్లో నమోదైన వాటిలో మొదటి వెయ్యి కంపెనీలు తమ నీటి వాడకం, విద్యుత్తు, వ్యర్థాలు, ఉద్గారాల వివరాలతో ఏటా నివేదిక ఇవ్వాలని 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. అవి ఎవరైనా చూడవచ్చు. మా ఎం.కాం. పిల్లలకు ఆస్తి అప్పుల పట్టీ పక్కనే ఈ నివేదిక ఇచ్చి, ఒకే రంగంలోని రెండు కంపెనీలు టన్ను ఉత్పత్తికి ఎంత నీరు వాడాయో పోల్చమంటాను. ఆడిట్ బుద్ధి ఉన్నవాళ్ళు అంకెలు కలవని చోట్లు ఇట్టే పట్టేస్తారు. నాకు కావలసిన తోడ్పాటల్లా, ఆ నివేదికలోని సాంకేతిక పదాలను కూర్చుని వివరించే ఒక రసాయన లేదా ఇంజినీరింగ్ అధ్యాపకుడు. ఒకే ప్రాంగణంలో ఉన్నా మేము ఒకరికొకరం తెలియదు.

తంగేడుపూలు
జూన్ 10, రాత్రి 10:45

బోధన గురించి చాలా చెప్పారు, పరిశోధన గురించి నేను రాస్తాను. హైదరాబాదులో జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను.

పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆ వ్యాసం ప్రస్తావనకు వస్తుంది. మనవాళ్ళు అక్కడ పని చేయలేదని కాదు, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఆ నేలలో, నీటిలో భారలోహాలను కొలిచి ప్రచురించారు. కానీ పటాన్‌చెరుకు గంట ప్రయాణంలో ఇన్ని విశ్వవిద్యాలయ శాఖలు ఉండగా ఆ ప్రశ్న స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి రావలసి వచ్చింది.

ఎందుకని? నాకు కనిపించే కారణాలు మూడు. ఆ కొలతకు కావలసిన మాస్ స్పెక్ట్రోమీటరు, అంటే అణువులను బరువును బట్టి గుర్తించే పరికరం, మనకు ఏ మూలో ఉంటుంది, నమూనాకు ఇంతని రుసుము, మన వంతు రావడానికి నెలలు పడుతుంది. స్థానిక సమస్య మీద రాసింది ‘ప్రాంతీయమైనది’ అని పెద్ద పత్రికలు తిప్పి పంపుతాయేమోనన్న భయంతో గైడ్లు వేరే అంశం ఇస్తారు. నమూనాలు తీసేటప్పుడు ఎవరైనా అడ్డుకుంటే విశ్వవిద్యాలయం మా వెనుక నిలబడుతుందన్న భరోసా లేదు. ఈ మూడోదానికి డబ్బుతో పని లేదు. రిజిస్ట్రారు సంతకంతో ఒక పరిచయ లేఖ చాలు. నిరుడు మా స్నేహితురాలు ఒక వాగు దగ్గర సీసాలతో నిలబడితే నువ్వెవరని గంటసేపు నిలదీశారు, ఆమె దగ్గర హాస్టలు గుర్తింపు కార్డు తప్ప ఏమీ లేదు.

ఇంకొకటి, మా ప్రయోగశాలల గురించి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు ఒక్కటి ఒక ఇల్లంత విద్యుత్తు తింటుంది. చాలా నమూనాలకు మైనస్ 70 సరిపోతుందని తెలిసి కొన్నిచోట్ల మార్చుకున్నారు కూడా. మా శాఖలో అలాంటివి ఐదు ఉన్నాయి. వాటిలో ఏముందో తెలిసిన విద్యార్థులు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఫ్రీజర్లు ఖాళీ చేసి జాబితా రాసే పనికి ఒక సెలవు వారం, ఇద్దరు మనుషులు ఇస్తే చాలు. పర్యావరణం మీద పరిశోధన చేసే ల్యాబ్ తన చెత్త సంగతి తాను చూసుకోవాలని నా నమ్మకం.

రేగడినేల
జూన్ 11, ఉదయం 9:20

తంగేడుపూలు అమ్మా, బాగా చెప్పావు. మీరంతా సమయం, డబ్బు అంటున్నారు, నేను మార్కుల లెక్క కూడా చెబుతాను. యూజీసీ 2018 నిబంధనల్లో పదోన్నతికి, నియామకానికి చూసే పరిశోధన పట్టికలో, విజ్ఞానశాస్త్రాల్లో ఒక పరిశోధన వ్యాసానికి 8 పాయింట్లు, భాషలకు, సామాజిక శాస్త్రాలకు 10. ఒక కొత్త కోర్సు రూపొందిస్తే 2. నీరటి గారు మూడు ఆదివారాలు కూర్చుని మార్చిన ప్రాక్టికల్‌కు ఈ పట్టికలో చోటే లేదు. దాన్ని మార్చడం ఒక విశ్వవిద్యాలయం చేతిలో లేదు. కానీ తన పరిధిలో చేయగలిగినవి ఉన్నాయి. సహాయాచార్యులకు వారానికి 16 గంటల బోధన. పాఠం తిరగరాసే సెమిస్టరులో అందులోంచి రెండు గంటలు తగ్గించవచ్చు. మారిన పాఠాన్ని సిలబస్‌ను ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టి, రాసినవారి పేరుతో సిలబస్‌లో అచ్చు వేయవచ్చు. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు ఇచ్చే నివేదికలో మొక్కల ఫోటోల బదులు ఈ పాఠాలు పెట్టవచ్చు.

మత్తడి
జూన్ 11, సాయంత్రం 6:00

నేను తెలుగు చెబుతాను. నా సబ్జెక్టును ఇంతవరకు ఎవరూ అడగలేదు కనుక నేనే వచ్చాను.

ఎం.ఏ. పిల్లలకు పదజాల సేకరణ అనే పని ఉంటుంది. నిరుడు చెరువు చుట్టూ ఉన్న మాటలు సేకరించమన్నాను. తూము, మత్తడి, అలుగు, శిఖం, ఆయకట్టు, నీరటి, రేగడి, చెలక, చౌడు, ఇవి వారి తాతలకు చేతి పనిలోని మాటలు. ఒక అబ్బాయి తన ఊళ్ళో ‘కాలువ బాట’ అని పిలిచే వీధి గురించి రాసుకొచ్చాడు. ఆ బాటలో కాలువ లేదు. వాళ్ళ నానమ్మను అడిగితే, పై చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లి పోయే కట్టు) దూకితే నీళ్ళు ఆ దారినే కింది చెరువుకు పోయేవని చెప్పిందట. ఇప్పుడు అక్కడ ఇళ్ళున్నాయి, ప్రతి వానకూ ఆ వీధే మునుగుతోంది. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల గురించి చరిత్రలో చదివారు, 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో 46 వేలకు పైగా చెరువుల పూడికతీత తలపెట్టారని వార్తల్లో విన్నారు, కానీ రెండు చెరువుల మధ్య నీరు నడిచిన దారి పేరు మాత్రం ఒక వీధి పేరులో మిగిలింది.

నాకు కావలసింది ఒక్కటే ఉండేది, ఆ మాటలను పటం మీద గుర్తించగల భూగోళశాస్త్ర అధ్యాపకుడు. మా ప్రాంగణంలో ఉన్నారు. ఆయన తరగతులు, నా తరగతులు ఒకే సమయంలో ఉండటం వల్ల ఏడాదంతా కలవలేకపోయాం. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక ఉమ్మడి గంట ఖాళీ ఉంచడానికి 6 లక్షలు అక్కర్లేదు.

వర్గమూలం
జూన్ 12, ఉదయం 7:15

మూడు రోజులుగా అందరూ రాసినవి చదువుతున్నాను. రియల్ అనాలిసిస్ విషయంలో నా మాట మార్చుకోను. కానీ నేను మూడో సెమిస్టరులో గణాంకశాస్త్రం కూడా చెబుతాను. సగటు, విచలనం, సహసంబంధం అన్నీ పాత పుస్తకంలోని విద్యార్థుల ఎత్తులు, బరువుల మీదే చేయిస్తున్నాను, అవి ఎవరి ఎత్తులో ఎవరికీ తెలియదు. మా మండల కార్యాలయంలో వర్షపాతం నమోదు పుస్తకాలు ఉన్నాయి. సగటు వాన అంతే ఉన్నా వాన పడిన రోజులు తగ్గాయా అన్నది ఆ అంకెల మీద పిల్లల చేత పరీక్షింప జేయవచ్చు. పరికల్పన పరీక్షకు ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకదు. జవాబు ఏమొస్తుందో ముందే చెప్పను, చెప్పకూడదు కూడా. నీరటి గారి కాల్షియం, ఫ్లోరైడు అంకెలు ఇస్తే సహసంబంధానికి వాడుకుంటాను.

చెరువుగట్టు
జూన్ 13, రాత్రి 8:30

మీ అందరి మాటలూ ముందు పెట్టుకుని చిత్తుప్రతి మళ్ళీ రాశాను. సదస్సు, నినాదాలు, ప్రత్యేక సంచిక తీసేశాను. మొక్కలు నాటడం విశ్వవిద్యాలయం తోట విభాగం ఎలాగూ చేస్తుంది. 15 మంది అధ్యాపకులను, అందులో కనీసం ఐదుగురు కాంట్రాక్టు లేదా అతిథి అధ్యాపకులు ఉండేలా, వేర్వేరు శాఖల నుంచి తీసుకుంటాం. మొదట రెండు రోజులు కలిసి కూర్చోవడం, ఒక పూట ప్రాంగణంలోని కుంట చుట్టూ నడక, తరువాత ఎనిమిది వారాల్లో ఒక్కొక్కరు ఒక పాఠమో ప్రాక్టికలో మార్చి రాయడం, ఆపైన అందరి ముందు చూపించడం. మనిషికి 20 వేల చొప్పున 3 లక్షలు. క్షేత్రపర్యటనల ప్రయాణాలకు లక్ష. కిట్లకు, రసాయనాలకు 80 వేలు. స్థానిక సమస్య మీద పరిశోధనకు 40 వేల చొప్పున ముగ్గురికి, మొత్తం లక్షా 20 వేలు, పరికరాల రుసుము కూడా ఇందులోనే. రిజిస్ట్రారు లేఖ, ఉమ్మడి గంట, రెండు గంటల తగ్గింపు విడిగా కోరాను. తగ్గింపు ఒప్పుకుంటారో లేదో అనుమానమే, అయినా ఆ పేరా తీసేయను.

కమిటీలో ఇద్దరు ఒప్పుకున్నారు. సదస్సు లేకపోతే పత్రికల్లో వార్త రాదని ఒకరు బాధపడ్డారు. సోమవారం మళ్ళీ కూర్చుంటున్నాం. నీరటి గారూ, మొదటి రెండు రోజుల్లో ఒక పూట మీరు వచ్చి ఆ సీసాల ప్రయోగం చేసి చూపించగలరా? ప్రయాణ ఖర్చు, గౌరవ వేతనం రాసి పెట్టాను.

నీరటి
జూన్ 13, రాత్రి 9:50

తప్పకుండా వస్తాను. ఉపన్యాసం మాత్రం వద్దు, ల్యాబ్ ఇవ్వండి. వచ్చే 15 మందినీ ఎవరి ఇంటి నీళ్ళు వారిని తెమ్మనండి, బోరు నీళ్ళయినా, కుళాయి నీళ్ళయినా సరే. మ్యూరెక్సైడ్ ద్రావణం నిలవ ఉండదు, ఆ రోజు ఉదయమే కలుపుకుందాం. ఫ్లోరైడు చూడాలి కనుక నీళ్ళు గాజు సీసాల్లో తేవద్దని చెప్పండి. ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు సార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించాలి. ఊరి పేరు, తేదీ మరిచిపోవద్దు. వర్గమూలం గారికి నా మూడేళ్ళ అంకెలు ఈ రాత్రికే పంపుతున్నాను.